లెక్క ఒక్కచోటే ఉండాలి

హైదరాబాదు

అమ్మలూ,

నువ్వు పంపిన ప్రోగ్రాం నిన్న రాత్రి ఒకసారి, ఇవాళ పొద్దున్నే ఇంకోసారి చదివాను. మీ నాన్న ఎరువుల కొట్టు కోసం నువ్వే జావాలో రాశావని అన్నయ్య ఫోనులో చెప్తుంటే, ఆ గొంతులో సంతోషానికి నా కడుపు నిండింది. నువ్వడిగింది ఒక్కటే ప్రశ్న. "బాబాయ్, రైతు తిరిగిచ్చిన బస్తాలు ఎక్కిస్తే టేబుల్లో స్టాకు పెరుగుతోంది, పైన మొత్తం మాత్రం మారడం లేదు, ఎక్కడ తప్పు?" ఆ బటన్ కింద ఫలానా లైను చేర్చు అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ వచ్చే నెల నువ్వు "స్టాకు అయిపోతోంది" అనే హెచ్చరిక పెడతావు, అప్పుడు అది మారదు. అందుకే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

నీ "అమ్మకం" బటన్ కింద 140 లైన్లున్నాయి. ఎన్ని బస్తాలో చదవడం, తీసెయ్యడం, టేబుల్లో గడి మార్చడం, పైన మొత్తం మార్చడం, బిల్లు తయారు చెయ్యడం, ఫైల్లో దాచడం, అన్నీ అక్కడే. "దిగుమతి" బటన్ కింద మళ్లీ అదే పాఠం. "తిరిగిచ్చినవి" మూడోది. ఆ మూడోదాంట్లో మొత్తం సంగతి మర్చిపోయావు. నీ అజాగ్రత్త అనను. ప్రతి బటన్‌కూ తెర మీద ఉన్న ప్రతి గడీ గుర్తుండాలన్నప్పుడు ఎవరైనా ఎక్కడో ఒకచోట మర్చిపోతారు.

నన్ను నిజంగా ఆపేసిన లైను వేరే ఉంది. గోడౌన్‌లో ఎన్ని బస్తాలున్నాయో తెలుసుకోవడానికి నువ్వు లేబుల్‌ని గెట్‌టెక్స్ట్ అని అడిగి, వచ్చిన అక్షరాలను పార్స్‌ఇంట్‌తో అంకెగా మార్చుకుంటున్నావు. అంటే స్టాకు ఎంతో ప్రోగ్రాంలో ఎవరికీ తెలియదు, తెర మీద రాతకు తప్ప. చూడ్డానికి బాగుంటుందని 1,250 అని కామా పెట్టగానే ప్రోగ్రాం ఆగిపోయిందన్నావు. పార్స్‌ఇంట్‌కి కామా చదవడం రాదు కాబట్టి ఆగింది. నువ్వు కామా తీసేసి ముందుకెళ్లావు. తీసెయ్యాల్సింది కామా కాదమ్మా, అక్కడున్న లెక్క.

మీ కొట్టు బయట బోర్డు ఉంటుంది చూడు, ఏ ఎరువు ఎంత ఉంది, ధరెంత అని. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ప్రతి డీలరూ అది పెట్టి తీరాలి. మీ నాన్న ఆ బోర్డు చూసి స్టాకు రిజిస్టరు రాస్తాడా? రిజిస్టరు చూసి బోర్డు రాస్తాడు. వానకు బోర్డు చెరిగిపోయినా కొట్టు లెక్క చెరగదు. నీ ప్రోగ్రాంలో రిజిస్టరు లేదు, బోర్డులే ఉన్నాయి. ఆ రిజిస్టరునే మోడల్ అంటారు, బోర్డులను వ్యూలంటారు, కౌంటర్ దగ్గర అడిగింది విని రిజిస్టరు వరకూ తీసుకెళ్లేది కంట్రోలర్.

ఈ విభజన చేసినవాడు ట్రిగ్వే రీన్‌స్కాగ్ అనే నార్వే దేశస్థుడు. ఓడల తయారీకి సాఫ్ట్‌వేర్ రాసిన మనిషి. ఓడ కట్టడమంటే ఎంత పెద్ద లెక్కో, దాన్ని ఎంతమంది ఎన్ని వైపుల నుంచి చూస్తారో ఊహించు. 1978-79లో ఒక ఏడాది కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో, స్మాల్‌టాక్ భాష తయారు చేస్తున్న బృందంతో గడిపాడు. 1979 మేలో రాసిన కాగితంలో భాగాల పేర్లు కొంత వేరుగా ఉండేవి. అడెల్ గోల్డ్‌బర్గ్ తదితరులతో చర్చలయ్యాక, ఆ డిసెంబరు నాటికి మోడల్, వ్యూ, కంట్రోలర్ అని కుదిరాయి. మనిషి మనసులో ఉన్న లెక్కకీ యంత్రంలో ఉన్న లెక్కకీ మధ్య దూరం తగ్గించడం ఆయన ఉద్దేశం. నాకు ఇందులో నచ్చేది అదే. మీ నాన్న మనసులో "గోడౌన్" అనేది ఒకటే ఉంటుంది. ప్రోగ్రాంలోనూ ఒకటే ఉండాలి.

కాబట్టి ముందు "స్టాకు" అని ఒక క్లాసు రాయి. అందులో తెర గీసే స్వింగ్ లైబ్రరీ మాట కూడా కనపడకూడదు. అమ్ము, దిగుమతి చెయ్యి, తిరిగి తీసుకో, ఎంత ఉందో చెప్పు, ఇవే మెథడ్లు. ఉన్నదానికి మించి అమ్మబోతే వద్దనేది ఈ క్లాసే, బటన్ కాదు. నీ కోడ్‌లో బస్తాను రెండుచోట్ల 50తో, ఒకచోట 45తో గుణించావు. యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలు, డీఏపీ 50, నానో యూరియా అయితే అసలు బస్తాయే కాదు, అర లీటరు సీసా. ఏ సరుకు కొలత ఆ సరుకు దగ్గరే ఉంటే ఈ తప్పు మళ్లీ రాదు.

ఇక నీ ప్రశ్న. స్టాకు మారితే టేబుల్‌కీ మొత్తానికీ ఎలా తెలుస్తుంది? జూలైలో మీ కొట్టుకొచ్చిన రైతులు ఏమంటారు? "అన్నా, యూరియా లోడు దిగితే ఫోన్ చెయ్యి." మీ నాన్న పుస్తకం వెనక పేజీలో నంబర్లు రాసుకుంటాడు. లారీ రాగానే అందరికీ ఒకటే మాట, "లోడొచ్చింది". ఎవరు ట్రాక్టరు తెస్తారు, ఎవరు ఆటో తెస్తారు, ఎవరు రారు, అది ఆయన పని కాదు. అబ్జర్వర్ అనే పద్ధతి అంటే ఈ వెనక పేజీయే. స్మాల్‌టాక్‌లో ఒక వస్తువు "మారాను" అంటే, దాని మీద ఆధారపడ్డవాళ్లందరికీ "సవరించుకోండి" అని కబురు వెళ్లేది. 1994లో గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడెస్ నలుగురూ కలిసి రాసిన డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకం 23 పద్ధతుల్లో దీన్నొకటిగా పేరు పెట్టి రాసింది.

నీ స్టాకు క్లాసులో కబురు కావాల్సినవాళ్ల జాబితా, అంటే లిజనర్ల జాబితా, ఒకటి పెట్టు. ఏ మార్పయినా పూర్తయ్యాక, ఫలానా సరుకు మారిందని అందరికీ చెప్పించు. మార్పు సగంలో ఉండగా చెప్తే, సగం తగ్గించిన లెక్క ఎవరో ఒకరు చదివేస్తారు. ఎవరికి ముందు కబురందుతుందో దాని మీద ఏ వ్యూ కూడా ఆధారపడకూడదు. ఇప్పుడు హెచ్చరిక కావాలంటే అది వచ్చి జాబితాలో పేరు రాయించుకుంటుంది, మూడు బటన్లలో ఒక్క లైనూ మారదు. నెట్‌లో పాత పాఠాలు చూసి జావాలోని అబ్జర్వబుల్ క్లాసు వాడకు. 2017లో జావా 9 నుంచి దాన్ని వాడొద్దనే చెప్తున్నారు. ప్రాపర్టీచేంజ్‌సపోర్ట్ వాడు, లేదా సొంతంగా చిన్న ఇంటర్‌ఫేస్ రాసుకో.

పేరు రాయించుకోవడం అందరికీ గుర్తుంటుంది, కొట్టేయించుకోవడం గుర్తుండదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సంస్థకు ఖాతాల ప్రోగ్రాం రాశాను. పొద్దున బాగా నడిచేది, మధ్యాహ్నానికి నెమ్మదించేది, సాయంత్రానికి ఆగేది. కారణం పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. ప్రతి ఖాతాకూ ఒక విండో తెరిచేవాళ్లు, మూసేవాళ్లు. మూసినా నా జాబితాలో దాని పేరు అలాగే ఉండేది. జాబితా పట్టుకుని ఉన్నంత వరకు ఆ విండో మెమరీ నుంచి పోదు. ఒక్క అంకె మారితే, ఎవరూ చూడని వందల విండోలు తమను తాము సవరించుకునేవి. వేరే కొట్లో యూరియా కొనేసి చెప్పని రైతుకు సీజనంతా ఫోన్లు వెళ్తున్నట్టు. ఆ సంస్థ గుమాస్తాలు రోజూ నాలుగింటికి ప్రోగ్రాం ఆపి మళ్లీ పెట్టుకునేవారు, నన్ను ఒక్క మాట అనలేదు. నాకది ఇప్పటికీ బాధే. విండో మూసే చోటే పేరు తీసెయ్యి, అమ్మలూ. కబురు చెప్తుండగానే ఎవరైనా పేరు తీసేసుకుంటే మామూలు జాబితా ఎక్సెప్షన్ ఇస్తుంది కాబట్టి కాపీఆన్‌రైట్‌ఎర్రేలిస్ట్ వాడు.

ఇంకో రెండు సంగతులు. జేటేబుల్‌లో ధర ప్రకారం వరసలు మార్చాక నువ్వు ఎంచుకున్న వరస నంబరు మోడల్ నంబరు కాదు, కన్వర్ట్‌రోఇండెక్స్‌టుమోడల్ అని అడగకపోతే యూరియా బదులు పొటాష్ అమ్మేస్తావు. ఫైల్లో దాచే పని వేరే థ్రెడ్‌లో పెడితే, అక్కణ్ణించి నేరుగా తెరను ముట్టుకోకు, ఇన్‌వోక్‌లేటర్ ద్వారా పంపు.

కంట్రోలర్ గురించి ఎక్కువ రాయను. మిగతా రెండూ సరిగా ఉంటే దానికి పని కొద్దిగానే మిగులుతుంది. టైపు చేసింది అంకెనా కాదా చూసి, మోడల్‌కి అప్పగిస్తే చాలు. స్వింగ్‌లో వ్యూ, కంట్రోలర్ చాలావరకు కలిసే ఉంటాయి, వాటిని విడదియ్యడానికి రాత్రుళ్లు మేలుకోకు. మోడల్ విడిగా ఉందా లేదా అన్నది మాత్రం పట్టుబట్టి చూసుకో.

ఈ ఆదివారం వేరే పని పెట్టుకోకు. విండో ఒక్కటీ తెరవకుండా, ఉత్త మెయిన్ మెథడ్ నుంచి 100 బస్తాలు దించి, 40 అమ్మి, 5 తిరిగి తీసుకుని, 65 వస్తోందా చూడు. వస్తే ఆ క్లాసు ఒక్కటి నాకు పంపు. టేబులూ లేబులూ తర్వాత ఇద్దరం కలిసి అతికిద్దాం.

ఇట్లు,
మీ బాబాయి