పడుకోగానే పుల్లటి తేన్పులు

ప్రశ్న: నా వయసు 52. షుగరు, బీపీ ఉన్నాయి. రాత్రి పడుకోగానే గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్నుకొస్తున్నాయి, ఛాతీలో ఒకటే మంట. అవిపత్తికర చూర్ణం, అతిమధురం పొడి వాడమంటున్నారు తెలిసినవాళ్లు. మూలికలే కాబట్టి భయం లేదంటున్నారు. వాడొచ్చా?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: ఆ రెండూ మీరు సొంతంగా వాడొద్దమ్మా. అమ్లపిత్తానికి, అంటే ఎసిడిటీకి, వైద్యులు తరచూ రాసే మంచి మందులే అవి. అయితే శాస్త్రం చెప్పిన పాళ్ల ప్రకారం అవిపత్తికర చూర్ణంలో సగం చక్కెరే. మరో మూడో వంతు తెల్లతెగడ, అది విరేచనకారి. ఇక అతిమధురం ఎక్కువ రోజులు తింటే ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచి బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. ఒక చేత్తో బీపీ మాత్ర, ఇంకో చేత్తో అతిమధురం తీసుకోవడం ప్రమాదం.

మీకు పడుకున్నాకే మంట మొదలవుతోంది. ఇలా పైకి ఎగదన్నేదాన్ని మాధవ నిదానం అనే ఆయుర్వేద గ్రంథం ఊర్ధ్వగ అమ్లపిత్తం అంది. దీనికి మందుకన్నా ముందు రాత్రి భోజనం వేళ మారాలి. తిన్నాక 3 గంటలైనా ఆగి పడుకోండి. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి అర అడుగు ఎత్తు చేయండి. దిండ్లు పేర్చుకుంటే మాత్రం పొట్ట మడతపడి మంట ఇంకా ఎక్కువవుతుంది. ఎడమ వైపు తిరిగి పడుకుంటే తేడా మీకే తెలుస్తుంది. పులుసు, పచ్చళ్లు, పులిసిన పెరుగు రాత్రిపూట వద్దు. ఒంగోలులో ఉంటూ ఆవకాయ మానేయమని నేను చెప్పను, మధ్యాహ్నం కొంచెం నంజుకోండి.

వీటితోపాటు 2 చెంచాల ధనియాలు కచ్చాపచ్చాగా దంచి, గ్లాసుడు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే వడగట్టుకుని తాగండి. ఇందులో పటికబెల్లం కలపమంటారు, మీరు కలపకండి.

ప్రశ్న: నడుంనొప్పికి మాత్రలు మింగుతున్నాను. ఈ మధ్య పొట్ట పైభాగంలో మంట. సోడా తాగితే కాసేపు హాయిగా ఉంటోంది. రోజూ తాగొచ్చా?
- ఒక పాఠకుడు, సిద్దిపేట

సమాధానం: సోడా వద్దు. అందులోని గ్యాసు పొట్టను ఉబ్బించి పులుపును పైకి నెడుతుంది. నాకు అనుమానం ఆ నొప్పి మాత్రల మీదే. వాటిలో చాలావాటికి కడుపు లోపలి పొరను పుండు చేసే గుణం ఉంది. రాసిచ్చిన డాక్టరుకు మంట సంగతి ఈ వారమే చెప్పండి. మలం నల్లగా తారులా పోతుంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. మింగడం కష్టమైనా, కారణం లేకుండా బరువు తగ్గినా వంటింటి వైద్యంతో కాలయాపన చేయకండి. నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, చెమటలు పడితే గ్యాసేలే అని వాము నములుతూ కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.