యాంప్లిఫయర్ క్లాసు అంటే మార్కుల గ్రేడు కాదు

మన ట్రస్టు ఉపకారవేతనాల ఇంటర్వ్యూలో ఒకసారి నేను తొందరపడ్డాను. డిప్లొమా ఎలక్ట్రానిక్స్ చదివే అబ్బాయి ఒకడు తాను స్వయంగా తయారుచేసిన యాంప్లిఫయరును తెచ్చి బల్లమీద పెట్టాడు. పాట ఇంకా మొదలుకాలేదు. వెనకనున్న హీట్ సింకు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది.

"ఏం బాబూ, పాటే లేదు, అప్పుడే వేడెక్కిందే! కరెంటు ఎక్కడో వృథా అవుతోంది" అన్నాను.

"వృథా కాదు సార్, నేనే అలా పెట్టాను. ఇది క్లాస్ ఏబీ" అన్నాడు.

అర్థం కాకపోయినా మార్కులు తగ్గించి వేశాను. పక్కనున్న లెక్చరరుగారు నా చెయ్యి ఆపి, విషయం వివరించారు. కామర్సు చదివిన నాకు అర్థమైనంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందు తల్లిదండ్రులకు ఒక మాట. యాంప్లిఫయర్లలో ఏ అంటే ఫస్టు క్లాసు, డి అంటే తప్పినట్టు అని అనుకోకండి. లోపలి ట్రాన్సిస్టర్లు ఏ పద్ధతిలో పనిచేస్తాయో చెప్పే పేర్లు అవి, అంతే.

క్లాస్ ఏ లో పాట ఉన్నా లేకపోయినా ట్రాన్సిస్టరులో కరెంటు నిండుగా పారుతూనే ఉంటుంది. ధ్వని శుభ్రంగా వస్తుంది, కాని ఖర్చు చూడండి. లెక్కప్రకారం ఎంత బాగా చేసినా సామర్థ్యం 50 శాతం దాటదు. అంటే 10 వాట్ల ధ్వని ఇవ్వగల యాంప్లిఫయరు కనీసం 20 వాట్లు తీసుకుంటూనే ఉండాలి. పాట లేనప్పుడు ఆ 20 వాట్లూ వేడే.

క్లాస్ బి లో ధ్వని తరంగపు పై సగాన్ని ఒక ట్రాన్సిస్టరు, కింది సగాన్ని మరొకటి మోస్తాయి. పని లేనిది పూర్తిగా ఆగిపోతుంది. సామర్థ్యం గరిష్ఠంగా 78.5 శాతం. చిక్కల్లా చేతులు మారే చోటనే. సిలికాన్ ట్రాన్సిస్టరు సుమారు 0.6 వోల్టు అందేవరకు కదలదు. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, ఒక గుమాస్తా లేచిపోయి రెండోవాడు ఇంకా కుర్చీలో కూర్చోని కౌంటరు అది. పెద్ద మొత్తం తెచ్చిన ఖాతాదారు కాసేపు నిలబడతాడు, చిల్లర తెచ్చినవాడు తిరిగి వెళ్లిపోతాడు. 10 వోల్టుల తరంగంలో ఆ లోటు కొంచెమే. అర వోల్టు తరంగమైతే మామూలు క్లాస్ బి సర్క్యూటులో బయటికే రాదు. దీన్నే క్రాసోవర్ డిస్టార్షన్ అంటారు. పెద్ద శబ్దంలో దాగిపోయి, చిన్న శబ్దంలో బయటపడే దోషం ఇది. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఇస్తే తగ్గుతుంది గాని పూర్తిగా పోదు.

అందుకే క్లాస్ ఏబీ. పాట లేనప్పుడు కూడా రెండు ట్రాన్సిస్టర్లలోను కొద్దిపాటి కరెంటు ఉంచుతారు. ఇద్దరు గుమాస్తాలూ కాసేపు కలిసి కూర్చున్నట్టు. నా చేతికి తగిలిన వెచ్చదనం అదే. అయితే ట్రాన్సిస్టరు వేడెక్కేకొద్దీ దానికి కావలసిన వోల్టేజి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. మనం ఇచ్చేది తగ్గించకపోతే కరెంటు పెరిగి, ఇంకా వేడెక్కి, చివరికి కాలిపోతుంది. అందుకని ఆ వోల్టేజినిచ్చే డయోడ్లను హీట్ సింకుకే ఆనించి బిగిస్తారు. అబ్బాయి ఆ పనీ చేశాడు.

క్లాస్ డి దారి వేరు. ట్రాన్సిస్టరు పూర్తిగా ఆన్ లేదా పూర్తిగా ఆఫ్, సెకనుకు కొన్ని లక్షలసార్లు. ధ్వని ఎంతన్నది ఆ పల్సుల వెడల్పులో ఉంటుంది. చివర కాయిల్, కెపాసిటర్ కలిసి పాటను వేరుచేస్తాయి. సామర్థ్యం 90 శాతం దాకా వస్తుంది. డి అంటే డిజిటల్ కాదు, వరుసలో సి తర్వాత వచ్చిన అక్షరం. వేగంగా మారగల మాస్‌ఫెట్లు వచ్చాక ఇది బాగుపడింది. నేటి సెల్‌ఫోన్లలోను, సౌండ్‌బార్లలోను ఎక్కువగా ఇదే. బాగా తయారైన ఏబీకి, డికి తేడా నా చెవికైతే తెలియదు. నాసిరకం స్పీకరు చేసే చెడుపు అంతకన్నా ఎక్కువ.

ప్రాజెక్టు చూపించే విద్యార్థులు వాల్యూం పెంచి హోరెత్తిస్తారు. ఆ అబ్బాయి తగ్గించాడు. వీణ రికార్డింగు పెట్టి, ప్రీసెట్‌ను వెనక్కి తిప్పాడు. తీగ మోత సన్నగిల్లేచోట గరగరమంది. మీటరు చూస్తూ, మిల్లీయాంపియర్లు లెక్కపెట్టుకుంటూ, కొద్దికొద్దిగా ముందుకు తిప్పాడు. గరగర పోయి, మోత చివరిదాకా వినబడింది. నేను వేసిన మార్కు కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, కొత్తది వేశాను.