జావా ప్రాజెక్టుకు పనిముట్లు ఎంచుకోవడం ఎలా?

చిక్కపేటలో చీర కొనేవారు రంగుతో పాటు నేతా, అంచూ చూస్తారు. ప్రాజెక్టుకు జావా లైబ్రరీలు ఎంచుకునే విద్యార్థులూ మూడు విషయాలు చూడాలి.

1. మద్దతు ఉందా? స్ట్రట్స్ 1కు 2013లోనే మద్దతు ఆగింది. పాత పుస్తకాల్లో మాత్రం ఇంకా కనిపిస్తుంది.

2. వెర్షన్లు కలుస్తాయా? 'జావాఎక్స్' పేర్లతో రాసిన సర్వ్‌లెట్ టామ్‌క్యాట్ 9లో నడుస్తుంది. టామ్‌క్యాట్ 10కు ఆ పేర్లను 'జకార్తా'గా మార్చాలి.

3. లోపాలు దిద్దుతున్నారా? 2021 డిసెంబరులో లాగ్‌ఫర్‌జే 2లో పెద్ద లోపం బయటపడింది. దిద్దిన వెర్షన్లు త్వరగానే వచ్చాయి. పాతదే ఉంచుకున్నవారికి ముప్పు తప్పలేదు.

తల్లిదండ్రులకు ఒక మాట: టామ్‌క్యాట్, స్ప్రింగ్, ఎక్లిప్స్, మేవెన్ ఉచితంగానే దొరుకుతాయి. వీటిని కొనాలని ఎవరైనా చెబితే నమ్మకండి. స్కాలర్‌షిప్ సొమ్మును ఫీజులకూ, పుస్తకాలకూ ఉంచండి.