ఒక్క రోజు చెన్నై, సాయంత్రం నాటకం

ప్రశ్న: మాది తిరుత్తణి. అమ్మానాన్నలతో ఒక్క రోజులో చెన్నై చూసి, సాయంత్రం ఓ నాటకం కూడా చూసి ఇల్లు చేరగలమా?

జవాబు: చేరగలరండీ. కాకపోతే మెరీనా, మైలాపూరు, టి.నగర్ అన్నీ పెట్టుకోకండి, పెద్దవాళ్లు అలసిపోతారు. సెంట్రల్, ఎగ్మూరు చాలు. శుక్రవారం మాత్రం వద్దు, ఎగ్మూరు మ్యూజియానికి సెలవు.

పొద్దున్నే లోకల్ ఎక్కితే తిరువళ్లూరు మీదుగా సుమారు రెండు గంటల్లో సెంట్రల్. పక్కనే విక్టోరియా పబ్లిక్ హాలు. బయటినుంచైనా చూపించండి. 1891లో బళ్లారి నుంచి ధర్మవరం కృష్ణమాచార్యుల సరస వినోదినీ సభ మద్రాసు వచ్చి తెలుగు నాటకాలాడింది. అవి చూసిన ఉత్సాహంతోనే పమ్మల్ సంబంధ మొదలియారు అదే ఏడు సుగుణ విలాస సభ స్థాపించారు. ఆధునిక తమిళ నాటకానికి ఊపునిచ్చిన సభ అది. ఈ హాల్లోనే ఎన్నో నాటకాలాడింది. మన బళ్లారి రాఘవ కూడా ఆ సభలో నటించారు. ఈ సంగతి మీ నాన్నగారికి తప్పక చెప్పండి.

అక్కణ్నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్ ఎగ్మూరు. మ్యూజియంలో అమరావతి శిల్పాల దగ్గర తీరిగ్గా నిలబడండి. మిగతావి తొందరగా చూసినా పరవాలేదు. అదే ఆవరణలో హెన్రీ ఇర్విన్ రూపకల్పన చేసిన మ్యూజియం థియేటర్ ఉంది, 1896లో పూర్తయింది. ఆ రోజు ప్రదర్శన ఉందో లేదో ముందే కనుక్కుని టికెట్లు తీసుకోండి.

నాటకం ముగిసేసరికి రాత్రి తొమ్మిది కావచ్చు. తిరుత్తణి బండి తప్పితే అరక్కోణం లోకల్ ఎక్కండి, అవే ఎక్కువ. అక్కణ్నుంచి ఇంటికి వాహనం ముందే మాట్లాడి ఉంచండి.