పాటకు ఏ మైకు? చేతి కండెన్సర్ మైకు వెనకున్న విజ్ఞానం

గొంతు వెనక వరుసలకు వినిపించడం లేదని వాల్యూమ్ పెంచగానే స్పీకర్లు కీచుమంటాయి. స్పీకర్ నుంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులో చేరి, ఆంప్లిఫయర్‌లో పెరిగి, తిరిగి స్పీకర్లోంచి రావడమే దీనికి కారణం. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. వేదికపై పాడేందుకు మైకు ఎంచుకునేటప్పుడు మొదట ఆలోచించవలసింది దీని గురించే.

రెండు రకాల మైకులు

సభల్లో ఎక్కువగా కనిపించేది డైనమిక్ మైకు. ఇందులో శబ్దానికి కదిలే పొరకు ఒక తీగచుట్ట అతికి ఉంటుంది. అది అయస్కాంత క్షేత్రంలో కదిలినప్పుడు విద్యుత్తు పుడుతుంది.

కండెన్సర్ మైకులో తీగచుట్ట ఉండదు. లోహపు పూత పూసిన పలుచని పొర, దాని వెనక కదలని పలక కలిసి ఒక కెపాసిటర్‌గా పనిచేస్తాయి. పొర కదిలితే రెండింటి మధ్య దూరం మారుతుంది, దాంతో కెపాసిటెన్స్ మారి సంకేతం ఏర్పడుతుంది. పొర తేలిక కాబట్టి 'శ', 'స' వంటి ధ్వనులు, గమకాల్లోని సన్నని కదలికలు స్పష్టంగా పలుకుతాయి. అయితే దీనికి విద్యుత్తు కావాలి. సాధారణంగా మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అదే కేబుల్ ద్వారా అందుతుంది.

ఒక అపోహ

కండెన్సర్ సున్నితమైనది కాబట్టి తప్పక కీచుమంటుందని చాలామంది అనుకుంటారు. సున్నితత్వం ఎక్కువైతే మిక్సర్‌లో గెయిన్ తగ్గించుకోవచ్చు. మైకుకు గొంతు ఎంత చేరుతోంది, స్పీకర్ శబ్దం ఎంత చేరుతోంది అన్న నిష్పత్తే ముఖ్యం. నోటికీ మైకుకూ మధ్య దూరం సగమైతే గొంతు స్థాయి సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. కానీ మరీ దగ్గరైతే మంద్ర ధ్వనులు ఉబ్బి, 'ప', 'భ' అక్షరాలు ఠప్పుమంటాయి.

ఎంపికలో చూడవలసినవి

మైకు ఏ దిక్కు శబ్దాన్ని తక్కువగా గ్రహిస్తుందో తెలుసుకోవాలి. కార్డియాయిడ్ మైకుకు సరిగ్గా వెనకవైపు, అంటే 180 డిగ్రీల వద్ద, గ్రహణం అతి తక్కువ. సూపర్‌కార్డియాయిడ్‌కు అది సుమారు 126 డిగ్రీల వద్ద ఉంటుంది. కాబట్టి మొదటిదానికి మానిటర్ స్పీకర్‌ను గాయకుని ఎదురుగా, రెండోదానికి కాస్త పక్కగా పెట్టాలి. మైకు జాలీని చేత్తో మూస్తే వెనక రంధ్రాలు మూసుకుపోయి, ఈ రక్షణ పోతుంది.

మిక్సర్‌లో ఫాంటమ్ పవర్ ఉందా, పట్టుకున్నప్పుడు చేతి రాపిడి వినిపిస్తోందా, గట్టిగా పాడినా ధ్వని చెదరకుండా ఉందా అన్నవీ పరీక్షించాలి. కండెన్సర్‌కు తేమ పడదు, కచేరీ అయ్యాక ఆరబెట్టి భద్రపరచాలి.

డ్రమ్స్ వెనకే మోగే ఇరుకు వేదికపై డైనమిక్ మైకే నయం కావచ్చు. నిశ్శబ్దమైన సభలో, శాస్త్రీయ, లలిత సంగీతానికి కండెన్సర్ మేలు చేస్తుంది. పోల్చేటప్పుడు రెండు మైకులనూ ఒకే స్థాయిలో వినాలి. కొంచెం బిగ్గరగా వినిపించేదే మంచిదని చెవి సులభంగా మోసపోతుంది.