కోత గొంతుకు, పోటు చెవికి

తమిళంలో చెవిని ‘కాదు’ అంటారు. ప్రాచీన తమిళంలో ‘సెవి’ అనే మాట కూడా ఉన్నది. అది మన చెవికి తోబుట్టువే. అయితే పుదుచ్చేరి వీధులలోను, ఆసుపత్రులలోను నిత్యం వినబడేది ‘కాదు’ అనే మాటే. యానాం నుండి వచ్చి ఈ నగరంలో కాపురముంటున్న తెలుగు కుటుంబాలకు ఈ రెండక్షరాల పదం ఎంత చిక్కు తెచ్చిపెట్టగలదో మా ఇంట జరిగిన ఒక సంగతి వలన నాకు తెలిసివచ్చింది.

మా అక్క కుమార్తెకు ఏడేండ్లు. తరచుగా గొంతు వాచి జ్వరం వస్తూ ఉండడం చేత టాన్సిల్స్ తొలగించాలని వైద్యులు నిర్ణయించారు. వేసవి సెలవులలో ఇక్కడే ఒక ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగింది. ఇంటికి పంపే వేళ నర్సు, “నాలాం నాళ్ కాదు వలి వరుం, బయప్పడాదీంగ” అని చెప్పింది. నాలుగవ రోజున చెవినొప్పి వస్తుంది, భయపడకండి అని ఆ మాటల అర్థం. మూడేండ్ల పుదుచ్చేరి కాపురంలో ‘వలి’ అంటే నొప్పి అని, ‘నాళ్’ అంటే రోజు అని అక్క నేర్చుకున్నది గాని, చెవిని ఏమంటారో తెలుసుకొనే అవసరం ఆమెకు ఎన్నడూ కలుగలేదు. ఆమెకు వినబడినది మన ‘కాదు’. నాలుగవ రోజుకు నొప్పి ఉండదు, భయం లేదు అని అర్థం చేసుకొని నిశ్చింతగా ఇల్లు చేరింది. చేతికిచ్చిన కాగితంలో ఈ విషయం ఆంగ్లంలో స్పష్టంగానే ఉన్నది. అనువాదమే వృత్తిగా గల నేను ఆ కాగితం అడిగి చదవలేదు.

మూడవ రోజు రాత్రి తల్లీబిడ్డలు రైలెక్కి, కాకినాడ మీదుగా ఫరంపేటలోని మా అమ్మ ఇంటికి చేరారు. మరునాటి రాత్రి పిల్ల కుడిచెవి పట్టుకొని ఏడవనారంభించింది. గుక్కెడు నీళ్ళు కూడా మింగనన్నది. “చెవిలో చీము పట్టినట్టుందే, వెల్లుల్లి రెబ్బ వేసి నూనె కాస్తున్నాను” అని మా అమ్మ ఫోనులో అన్నది. “నొప్పి ఉండదన్నారు కదే, మరి ఇదేమిటి?” అని అక్క. అసలు సంగతి చెప్పినది మాత్రం పిల్లే: “మింగితే చెవిలో పొడుస్తోంది పిన్నీ.”

మరునాడు ఉదయం కాకినాడలో చెవి, ముక్కు, గొంతు వైద్యులు పరీక్షించి, రెండు చెవులూ శుభ్రంగా ఉన్నాయని, నొప్పి పుట్టుచోటు గొంతేనని చెప్పారు. అయితే ఒక పగలు, ఒక రాత్రి నీరు తాగకపోవడం వలన పిల్లకు సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. చెవిపోటు వలన కలిగిన హాని కన్న, దాని మూలం తెలియక మింగడం మానివేయడం వలన కలిగిన హాని పెద్దది.

ఇక ఆ మూలమేమిటో చూద్దాం. టాన్సిల్స్ తీసివేసిన చోట సాధారణంగా కుట్లు వేయరు. అది తెరచిన పుండుగానే ఉండి, రోజుల మీద మానుతుంది. ఆ భాగపు స్పర్శను, నొప్పిని మెదడుకు చేరవేసే వాటిలో ముఖ్యమైనది తొమ్మిదవ కపాల నాడి. దీనిని జిహ్వాగ్రసనీ నాడి అంటారు. ఇదే నాడి నుండి ఒక సన్నని శాఖ నడిమి చెవికి పోతుంది. డెన్మార్కు దేశపు శరీర శాస్త్రజ్ఞుని పేరిట దానిని జాకబ్సన్ నాడి అని పిలుస్తారు. గొంతు కబురు, చెవి కబురు ఒకే దారిన వచ్చి చేరడం చేత ఏది ఎక్కడిదో మెదడు పోల్చుకోలేకపోతుంది.

యానాం వారికి ఇది బోధపరచడం తేలిక. మన ఊరు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానిది. మన పిన్‌కోడు మాత్రం 533464. కేవలం ఆ అంకెలు చూసినవారు అది కాకినాడ పరిసరాలలోని ఆంధ్ర గ్రామమే అనుకొంటారు. ఉత్తరం వ్రాసినది ఎవరో కాక, అది వచ్చిన దారి చూసి ఊరిని నిర్ణయించినట్లన్నమాట. మెదడు చేసే పొరపాటు కూడా ఇటువంటిదే. గుండెపోటు వచ్చిన వారికి ఎడమచేయి లాగడం కూడా ఈ కోవలోనిదే. దీనికి తోడు, శస్త్రచికిత్స జరుగుతున్నంత సేపు నోటిని ఒక పరికరంతో బార్లా తెరచి ఉంచుతారు. దవడ కీలు చెవికి ఆనుకొనే ఉంటుంది గనుక ఆ బడలిక కూడా చెవినొప్పిగా తెలియవచ్చు.

మొదటి రెండు రోజుల కన్న మూడవ రోజు నుండి ఏడవ రోజు వరకు నొప్పి హెచ్చుగా ఉండడం ఈ శస్త్రచికిత్సలో సామాన్యం. చెవిపోటు సైతం ఆ రోజులలోనే కనబడుతుంది. రాత్రి గొంతు ఎండిపోవడం చేత తెల్లవారుజామున మరీ బాధిస్తుంది. పది, పద్నాలుగు రోజులకు క్రమంగా తగ్గుతుంది. పెద్దలకు పిల్లల కన్న నొప్పి ఎక్కువగా, ఎక్కువ రోజులు ఉండడం కూడా కద్దు. గొంతులో పుండు మీద తెల్లని లేక బూడిద రంగు పొర కడుతుంది, నోరు వాసన వేస్తుంది. అది చీము కాదు. దానిని గుడ్డతోను, వేలితోను గీకరాదు.

నొప్పి గొంతుదైనప్పుడు చికిత్స కూడా గొంతుకే జరగాలి. చెవిలో ఏమి పోసినా అది గొంతును చేరదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినదన్న మన సామెత ఇక్కడ అక్షరాలా నిజమయ్యే ప్రమాదమున్నది. కాచిన నూనె చెవి లోపలి చర్మాన్ని, కర్ణభేరిని కాల్చవచ్చు. వావిలాకు రసం, ఉల్లిరసం, ఇంగువ పెట్టిన దూది లేని రోగాన్ని తెచ్చిపెట్టవచ్చు. టాన్సిల్స్‌తో పాటు కొందరు పిల్లలకు కర్ణభేరిలో చిన్న గొట్టం అమరుస్తారు. అటువంటి వారి చెవిలో వైద్యుడు చెప్పనిదే నీటి చుక్క కూడా పోయరాదు. ఇంటి పెద్దల మాట తీసివేయలేమనుకొనేవారు ఒక పని చేయవచ్చు: గోరువెచ్చని పొడిగుడ్డను చెవికి బయటి వైపు ఆనించండి. హాని లేదు, కొంత ఉపశమనమున్నది, పెద్దవారి మనసు కూడా నిలుస్తుంది. మా అమ్మ చివరకు దీనికి ఒప్పుకొన్నది.

నొప్పి మందును బాధ పెరిగినప్పుడు కాక, గడియారం చూసి ఇవ్వడం ముఖ్యం. మొదటి కొద్ది రోజులు రాత్రి లేపి అయినా వేళకు ఇవ్వమని వైద్యులు చెబుతారు. మందు వేసిన అరగంటకు ఆహారం పెడితే మింగడం సులువు. పిల్లలకు సాధారణంగా వ్రాసేది పారాసిటమాల్. ఒక్కొక్క మోతాదు శరీర బరువులో కిలోకు 10 నుండి 15 మిల్లీగ్రాములు. మోతాదుల మధ్య కనీసం 4 నుండి 6 గంటల ఎడముండాలి. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఈ సిరప్ మన దుకాణాలలో వేరువేరు బలాలలో దొరుకుతుంది. 20 కిలోల పిల్లకు 300 మిల్లీగ్రాములు ఇవ్వాలంటే, 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములు ఉన్న సీసా నుండి 6 మిల్లీలీటర్లు చాలు. 120 మిల్లీగ్రాములున్న సీసా అయితే 12.5 మిల్లీలీటర్లు కావాలి. పుదుచ్చేరిలో ఒక సీసా వాడి, అది అయిపోగా యానాంలో మరొకటి కొన్నప్పుడు ‘అదే ఆరు’ అని కొలవకండి. సీసా మీది అంకె చూసి, వైద్యుడు వ్రాసిన మిల్లీగ్రాములతో సరిచూడండి. ఐబుప్రొఫెన్ కలిసిన సిరప్‌లలో చాలావాటిలో పారాసిటమాల్ కూడా ఉంటుంది. రెండు సీసాలు కలిపి ఇస్తే మోతాదు రెట్టింపై కాలేయానికి హాని కలుగవచ్చు. ఐబుప్రొఫెన్ ఇవ్వవచ్చునా అనేది శస్త్రచికిత్స చేసిన వైద్యుని నిర్ణయం. ఆస్పిరిన్ ఇవ్వరాదు, అది రక్తాన్ని గడ్డకట్టనీయదు. కోడీన్ కలిసిన మందులు టాన్సిల్స్ తీసిన పిల్లలలో శ్వాసను మందగింపజేసిన సందర్భాలు ఉండడం చేత, 2013 లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వారికి వాటిని నిషేధిస్తూ తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. ఇంట మిగిలిన దగ్గు మందు పోసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తాగడం, మింగడం, నమలడం ఆగరాదు. గొంతు తడిగా ఉన్నంత వరకు నొప్పి అదుపులో ఉంటుంది. నమలడం వలన దవడ బిగుసుకుపోదు. కొబ్బరినీళ్ళు, పలుచని మజ్జిగ, చల్లారిన గంజి, రాగిజావ, సగ్గుబియ్యం జావ, మెత్తని ఇడ్లీ, పెరుగన్నం — వీటిలో ఏది పిల్ల ఇష్టపడితే అది, కొద్దికొద్దిగా, మాటిమాటికి. చల్లనివి గొంతుకు పడవని మన ఇళ్ళలో ఒక పట్టుదల ఉన్నది. ఈ పుండుకు మాత్రం చల్లదనం మేలే చేస్తుంది. ఐస్‌క్రీము కూడా పెట్టవచ్చు. ఎర్రరంగువి వద్దు, ఉమ్ములో రక్తమో రంగో తెలియదు. జంతికలు, చెగోడీలు, అప్పడాలు, ఆవకాయ, నిమ్మరసం రెండు వారాలు దూరంగా ఉంచండి. గోదావరికి వరద వచ్చి పులస దొరికే రోజులైతే యానాం ఇంట ఈ నియమం నిలవడం కష్టమని తెలుసు; అయినా ముళ్ళ చేప వద్దు.

అన్ని చెవినొప్పులూ గొంతువే అని చెప్పడం నా ఉద్దేశం కాదు. చెవి నుండి చీమో నీరో కారినా, వినికిడి తగ్గినా, చెవి డొప్పను మెల్లగా లాగినప్పుడు నొప్పి హెచ్చినా, చెవి వెనుక వాచినా వైద్యునికి చూపించాలి. జ్వరం 101 ఫారెన్‌హీటు డిగ్రీలు దాటి తగ్గకపోయినా, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా అంతే.

రక్తస్రావం వీటన్నిటి కన్న గంభీరం. పుండు మీది పొర ఊడే సమయంలో, ముఖ్యంగా ఐదు నుండి పది రోజుల మధ్య, అది సంభవించవచ్చు. ఎర్రని రక్తం కొద్దిగా కనబడినా ఇంట వేచి ఉండకండి. నిద్రలో పిల్ల పదే పదే గుటకలు వేస్తున్నా, కాఫీ రంగు వాంతి అయినా రక్తం లోపలికి పోతున్నదని అనుమానించాలి. కూర్చోబెట్టి, తల ముందుకు వంచి, ఉమ్మివేయమని చెప్పి, 108కి ఫోను చేయండి. మా వారు చేసిన ప్రయాణాన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను. యానాం ఇక్కడికి 800 కిలోమీటర్లకు పైన. నడిరాత్రి రైలులో రక్తం పడితే వైద్యుడు అందడు. రెండు వారాలు శస్త్రచికిత్స జరిగిన ఊరిలోనే ఉండడం క్షేమం. ఇదివరకే యానాం చేరినవారు అక్కడి ప్రభుత్వ ఆసుపత్రికి గాని, సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని కాకినాడ ప్రభుత్వ సార్వజనిక ఆసుపత్రికి గాని వెళ్ళాలి. శస్త్రచికిత్స కాగితాలు వెంట తీసుకుపోవాలి.

పుదుచ్చేరి ఆసుపత్రిలో చెప్పుకోవడానికి ఈ నాలుగు మాటలు చాలు. చెవి నొప్పిగా ఉన్నది: కాదు వలిక్కుదు. గొంతులో రక్తం వస్తున్నది: తొండైలె రత్తం వరుదు. నీళ్ళు తాగలేకపోతున్నది: తణ్ణి కుడిక్క ముడియలె. ఎప్పుడు మందు వేయాలి: ఎప్పో మరుందు కుడుక్కణుం? నర్సు నోట ‘కాదు’ అనే మాట వినబడితే, మీ చెవిని చేతితో తాకి చూపి, ఇదేనా అని అడగండి.