సామ్రాజ్యముల పతనము - మతముల వ్యాప్తి

మన పిల్లల చరిత్ర పుస్తకములలో ప్రాచీన సామ్రాజ్యముల పతనము ఒక పాఠము. మహామతముల వ్యాప్తి మఱియొక పాఠము. మొదటిదానికి కారణములు వ్రాయవలెను; రెండవదానికి ఫలితములు వ్రాయవలెను. పిల్లలు రెంటిని వేఱువేఱుగా కంఠస్థము చేసి పరీక్ష గట్టెక్కుదురు. నిజమునకీ రెండును ఒకే కథ. ఇంటివద్ద పిల్లలచేత చదివించు తల్లిదండ్రులు వీనిని కలిపి చెప్పినచో, తేదీల పట్టికవలె తోచు విషయమునకు ప్రాణము వచ్చును. అందులకు కొంత తోడ్పడుటకే ఈ వ్యాసము.

రోము పతనమునకు కారణములు చాలవఱకు తెలిసినవే. మూడవ శతాబ్దములో సేనాపతులు ఒకరి నొకరు కూలద్రోసికొనుచు చక్రవర్తులైరి. నాణెములలో వెండి తఱిగి ధరలు మండిపోయెను. ఆ శతాబ్దపు నడుమ పెక్కేండ్లు మహమ్మారి ప్రబలెను. 410లో గాత్ జాతి నాయకుడైన అలారిక్ రోము నగరమును మూడు దినములు దోచెను. 476లో పశ్చిమ చక్రవర్తుల వరుస ముగిసెను. చైనాలో హాన్ వంశము 220లోనే అంతరించెను. తరువాత జిన్ వంశమువారు దేశమును కొంతకాల మేకము చేసినను, 311లో లోయాంగ్, 316లో చాంగాన్ రాజధానులు ఉత్తరపు జాతుల వశమయ్యెను. చదువుకొన్న కుటుంబములు అనేకము యాంగ్జీ నది దాటి దక్షిణమునకు వలసపోయెను.

పాఠ్యపుస్తకము ఇక్కడ ఆగును. అడుగవలసిన ప్రశ్న ఇక్కడనే మొదలగును. 313లో కాన్‌స్టంటైన్ క్రైస్తవులకు మతస్వేచ్ఛ నొసంగెను. 380లో థియొడోసియస్ వారి మతమును రాజ్యమతము చేసెను. రాజాశ్రయముతో పెరిగిన మతము రాజ్యముతోపాటు కూలవలదా? కూలలేదు సరికదా, రోమును దోచిన గాత్‌లు అప్పటికే క్రైస్తవులై యుండిరి. పీటరు, పౌలుల ఆలయములలో తలదాచుకొన్నవారిని వారు హింసింపలేదని ఆ కాలపు రచయితలే వ్రాసిరి. రోము శత్రువులకు రోము మత మెట్లు చేరినది?

చేర్చినవారిలో ముఖ్యుడు ఉల్ఫిలాస్. మూడవ శతాబ్దములో గాత్‌లు కప్పడోసియా ప్రాంతముపై దాడిచేసి కొందఱు క్రైస్తవులను బందీలుగా గొనిపోయిరి. అట్టి బందీల వంశములో పుట్టి, గాత్‌ల నడుమ పెరిగినవాడీతడు. ఇంటి సంప్రదాయ మొకటి, వీధి భాష వేఱొకటి. లిపి లేని గాత్ భాషకు, ప్రధానముగా గ్రీకు అక్షరముల ననుసరించి, ఇతడొక లిపిని కల్పించి బైబిలును అనువదించెను. రాజుల యుద్ధములను వర్ణించు గ్రంథములను మాత్రము విడిచిపెట్టెనట! గాత్‌లకు యుద్ధమనిన మొదలే మక్కువ, వారికి కళ్ళెము వలయును గాని కొరడా వలదని ఆతని యెంచిక యట. మంచి ఉపాధ్యాయుని లక్షణము.

ఇక చైనా. ఉత్తరము నాక్రమించిన రాజులలో షి హు అనువాడు నాల్గవ శతాబ్దములో నేలెను. బుద్ధుడు పరదేశి దేవుడు గనుక చీనావారు కొలువరాదని ఒక మంత్రి వాదించెను. రాజు దానికి, తానును సరిహద్దు జాతివాడనే గనుక ఆ దేవుడు తనకు తగినవాడేయని బదులిచ్చి, ప్రజలకు అనుమతి నొసంగెను. పాత సామ్రాజ్యము నిలిచియుండినచో ఇట్టి మాట సింహాసనమునుండి వెలువడి యుండునా?

అయితే రాజు అనుమతించినంతమాత్రమున మతము బోధపడదు. తొలి అనువాదకులు 'బోధి' అను మాటకు తావో మతములోని 'మార్గము' అను మాటను, 'నిర్వాణము'నకు 'చేయకుండుట' అను మాటను వాడిరి. చదువరికి బుద్ధుడు లావోత్సు శిష్యునివలె కనబడెను. ఈ చిక్కును విప్పినవాడు కుమారజీవుడు. తండ్రి భారతీయ కుటుంబమువాడు. తల్లి మధ్య ఆసియాలోని కూచా రాజు సోదరి. బాల్యమున తల్లితో కాశ్మీరమునకు బోయి చదువుకొనెను. చీనా సేనాని యొకడు కూచాను జయించి ఈతనిని పట్టుకొనిపోగా, సుమారు పదునేడేండ్లు సరిహద్దు రాజ్యమున నిర్బంధములో గడపెను. చీనాభాష ఆతనికి అక్కడనే పట్టుపడెను. 401 చివర చాంగాను చేరి, వందలకొలది భిక్షువుల నడుమ గూర్చుండి, మూలమును చదివి అర్థము చెప్పుచు, పాత అనువాదములతో పోల్చుచు గ్రంథములను వ్రాయించెను. శాతవాహన రాజునకు మిత్రుడని సంప్రదాయము చెప్పు నాగార్జునుని మధ్యమక కారికలు 409లో చీనాభాషకు అందినది ఈతని వలననే. ఇంత చేసియు, అనువాదము ఒకరు నమిలిన అన్నమును వేఱొకరికి పెట్టుట వంటిదని ఆయన నొచ్చుకొనెనని ఆయన జీవితచరిత్రలో నున్నది.

మతవ్యాప్తి అంతయు అనువాదకుల చలవయే యని నే ననను. వర్తకుల బిడారులు, మహమ్మారి నాటి రోగుల శుశ్రూష, మఠములు, రాజుల స్వార్థము - అన్నిటికిని పాలు కలదు. అయినను ఈ పని చేసినవారు రాజధానుల పండిత కుటుంబములవారు కారు. రెండు భాషల నడుమ పుట్టినవారు. ఇంట ఒక భాష, బడిలో వేఱొక భాష యైనచో బిడ్డ రెంటికి చెడునని మనలో కొందఱు తల్లిదండ్రులు దిగులుపడుట కలదు. ఆ దిగులును నేను తేలికగా తీసివేయను. రెంటికి చెడినవారును చరిత్రలో లేకపోలేదు.

ఉదాహరణకు గాత్‌లనే చూడుడు. స్పెయినును జయించి యేలినవారు వారే. కాని రాజ్యము నడుపుటకు లాటిను, ఇరుగుపొరుగుతో మాటలకు లాటిను. గాత్ భాష ఆరాధనకు మాత్రము మిగిలెను. 589లో వారి రాజు రెక్కారెడ్ రోమను సంప్రదాయమునే రాజ్యమున నెలకొల్పగా, ఆ చోటును పోయెను. ఉల్ఫిలాస్ అనువాదపు ప్రతి యొకటి, ఊదారంగు తోలుపై వెండి సిరాతో వ్రాసినది, నేడు స్వీడను దేశపు ఉప్సాలా విశ్వవిద్యాలయ గ్రంథాలయములో నున్నది. అది చదివి తన భాష యని చెప్పుకొనువాడు లోకములో లేడు. పాలించినవారి భాష పోయినది.

పాలన పోగొట్టుకొన్న ఆర్మీనియనుల గతి వేఱు. వారు నాల్గవ శతాబ్దారంభముననే క్రైస్తవులైరి. కాని గ్రంథపఠనము గ్రీకులో, సిరియాకులో జరుగుచుండగా సామాన్యుడు వినుటయే గాని గ్రహించుట లేదు. 387లో వారి దేశమును రోము, పారశీకము పంచుకొనెను. సుమారు 405లో మెస్రోప్ మాష్తోత్స్ అను సన్న్యాసి 36 అక్షరముల లిపిని కూర్చెను. రాజకొలువులో పనిచేసి గ్రీకు నెఱిగినవాడాయన. అక్షరములు సిద్ధమైన వెంటనే ఆయన చేసిన పని పాఠశాలలు తెఱచుట. శిష్యులను ఎడెస్సాకు, కాన్‌స్టాంటినోపిలుకు పంపి గ్రంథములు తెప్పించి అనువదింపజేసెను. 428లో పారశీకులు ఆర్మీనియా రాజును తొలగించిరి. లిపి పుట్టి అప్పటికి ఇరువది మూడేండ్లు మాత్రమే; అనగా తొలి బడిపిల్లలు అప్పుడప్పుడే తల్లిదండ్రు లగుచున్నారన్నమాట. వారు తమ పిల్లలకు ఆ అక్షరములు నేర్పిరి. మాష్తోత్స్ చరిత్రను వ్రాసిన కొర్యున్ ఆయన శిష్యుడే.

వర్తకమునకై ఆ జాతివారు దేశదేశములకు బోయిరి. చెన్నపట్టణమునను స్థిరపడిరి, జార్జిటౌనులోని ఆర్మీనియన్ వీధికి ఆ పేరు వారి వలన వచ్చినదే. 1772లో కట్టిన వారి ఆలయము అక్కడ నేటికిని నిలిచియున్నది. ఆర్మీనియను భాషలో లోకమున వెలువడిన మొట్టమొదటి పత్రిక 'అజ్దరార్', 1794లో అచ్చయినది ఆర్మీనియాలో కాదు, ఈ చెన్నపట్టణముననే. హరుత్యున్ ష్మవోన్యన్ అను మతాచార్యుడు దానిని నడపెను. 1796 నాటికి 18 సంచికలు వెలువడి అది నిలిచిపోయినది. అందలి అక్షరములు పదునాలుగు వందల సంవత్సరముల క్రిందట మాష్తోత్స్ కూర్చినవే.